రోజుకి రెండు గుడ్లు

మా అమ్మ తలకి నేను ఇరవై రెండేళ్ళుగా షాంపూ పెడుతున్నాను. ప్రతి శనివారం పొద్దున్న పదింటికి, నాకు బోణీ కాకముందే, మేడ మీది ఇంట్లోంచి మెట్లు దిగి కింద నా పార్లర్‌కి వస్తుంది. డబ్బులివ్వదు. సలహాలిస్తుంది.

ఆ ఏడాది ఫిబ్రవరి ఆఖరి శనివారం కూడా అలాగే వచ్చింది. మెడ సింకు అంచుకి ఆనించి, కళ్ళు మూసుకుని, మా పేటలో ఎవరెవరికి భక్తి తగ్గిందో పేరుపేరునా చెప్పుకొస్తోంది. నేను నురగ కడిగి చెయ్యి పైకి తీసేసరికి వేళ్ళ నిండా జుట్టు. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు. సింకు రంధ్రం మీద ఇంకో గుప్పెడు చుట్టుకుని కూర్చుంది.

జుట్టు ఊడటం నేను చూడనిదాన్ని కాదు. బాలింతలు, పెద్ద జ్వరం పడి లేచినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, అందరూ నా కుర్చీలోనే కూర్చుని ఏడ్చారు. అందరికీ "మళ్ళీ వస్తుందమ్మా" అని చెప్పాను. కానీ ఇది మా అమ్మ జుట్టు. అరవై రెండేళ్ళకి కూడా జడ వేస్తే నా మణికట్టంత ఉండేది. గ్రీసు ఉత్తరాన ఉన్న మా కస్తోరియాలో సగం కొంపలు బొచ్చు కోట్లు కుట్టి బతికినవే. నాన్న కూడా నలభై ఏళ్ళు ఆ పనే చేశాడు. సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన పిల్ల మొహం కంటే ముందు జుట్టు చూసి, "మొదటి రకం సరుకు" అనుకున్నాడట. ఆ మాట ఇప్పటికీ పెళ్ళి రోజున అందరి ముందూ చెప్పి తిట్లు తింటాడు.

"ఏంటే, ఆగిపోయావు?" అంది అమ్మ కళ్ళు తెరవకుండానే.

"నీళ్ళు వేడిగా ఉన్నాయేమోనని."

"నీళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు కానివ్వు."

ఊడిన జుట్టుని చెత్తబుట్టలో వేసి పైన పాత పేపరు కప్పేశాను. తలకి తువ్వాలు చుట్టి అద్దం ముందు కూర్చోబెట్టాను. అమ్మ అద్దంలో నా వంక చూసి, "దాచకు లెమొన్యా. పది రోజులుగా దిండు మీద నేనూ ఏరుకుంటున్నాను," అంది.

నవంబరు ఆఖర్లో థెస్సలోనికీ ఆసుపత్రిలో అమ్మకి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేశారు. మోకాళ్ళు అరిగిపోయి, షుగరు మందులకి లొంగక, మెట్లెక్కడానికి నాన్నా నేనూ చెరో వైపు పట్టుకోవాల్సొస్తుంటే ఇంక తప్పలేదు. మూడు నెలల్లో ముప్పై ఒక్క కిలోలు తగ్గింది. మెట్లు గబగబా ఎక్కి, నాన్నని పైనుంచి "ఏమయ్యా, ఇంకా అక్కడే ఉన్నావా?" అని వెక్కిరించేది. ఊళ్ళో అందరూ చూసి ముచ్చటపడేవాళ్ళు. ఇంటికి పండగొచ్చినట్టుండేది మాకు.

ఆసుపత్రి వాళ్ళు ముందే చెప్పారు, మూడో నెలలో జుట్టు కాస్త రాలుతుందని. నేను వెంటనే డైటీషియన్ దనాయికి ఫోను చేశాను. పాతికేళ్ళ పిల్ల, గొంతు మాత్రం పోలీసు గొంతు.

"రాలడం మామూలే. ఒంటికి పెద్ద దెబ్బ తగిలింది కదా. ఆర్నెల్లు పోతే మళ్ళీ వస్తుంది. కానీ ప్రోటీన్ పడుతోందా? రోజుకి డెబ్భై గ్రాములు. ముందు అది తినాలి, చోటు మిగిలితే మిగతావి. గుడ్డు, పెరుగు, చికెన్, చేప. అది తగ్గితే రాలడం ఆగదు. జుట్టు ఒక్కటే కాదు, కండ కూడా కరిగిపోతుంది. అర్థమైందా?"

నాకు అర్థమైంది. అమ్మకి చెప్పడమే కష్టం. ఎందుకంటే ఆ వచ్చే సోమవారం నుంచే ఈస్టర్ ముందరి పెద్ద ఉపవాసం మొదలు. మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, చేప, ఏవీ ఉండవు. మా ఊళ్ళో చాలామంది మొదటి వారం, చివరి వారం నోరు కట్టుకుని మధ్యలో సర్దుకుపోతారు. మా అమ్మ అలా కాదు. నలభై ఒక్క ఏళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. మా చర్చిలో ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. ఉపవాసంలో ఎవరి ఇంట్లోంచి వెన్న వాసన వచ్చినా ముందు ఆమె ముక్కుకే తెలిసేది, సాయంత్రానికి ఊరికి తెలిసేది.

సోమవారం మధ్యాహ్నం కుర్రాళ్ళు చెరువు గట్టున గాలిపటాలు ఎగరేస్తుంటే మేం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆరోజుకని చేసే పలచటి రొట్టె, ఊరగాయ మిరపకాయలు, పెద్ద చిక్కుడు గింజలు, నువ్వుల హల్వా. అమ్మ గిన్నెలో ఐదు గింజలు వేసుకుంది. నాలుగు తిని పక్కకి తోసింది. ఆమె పొట్ట అంతే పడుతుంది మరి.

"దనాయి ఏం చెప్పిందో విన్నావుగా," అన్నాను.

"విన్నాను. ఈసారి నూనె కూడా మానేస్తున్నాను."

నేను ఫోర్కు కింద పెట్టాను. "నీకు మతి ఉందా?"

"ఉంది కాబట్టే. నవంబరులో క్రిస్మస్ ఉపవాసం నడుస్తుండగా ఆ ఆసుపత్రిలో నాకు కోడి ఉడికించిన నీళ్ళు తాగించారు. పెరుగు తినిపించారు. నేనూ నోరు మూసుకుని తిన్నాను. సన్నబడదామని, మెట్లెక్కుదామని. దాని ఫలితం ఇది." తల మీద చెయ్యి పెట్టుకుంది. "అప్పుడు తప్పింది ఇప్పుడు తీర్చేస్తే జుట్టు అదే ఆగుతుంది."

"అమ్మా, నువ్వు తినకపోవడం వల్ల ఊడుతోంది! తినకుండా ఆపుతానంటావేంటి?"

"నీకు దువ్వడం తెలుసు. దేవుడి సంగతి నాకు తెలుసు."

"పోనీ రొయ్యలు తిను. రొయ్యలకి, ఆక్టోపస్‌కి ఉపవాసంలో అడ్డు లేదుగా."

"అవి సముద్రం పక్కనోళ్ళ వేషాలు. రొయ్యలు మెక్కుతూ ఉపవాసం అంటారా ఎవరైనా?"

నాన్న అంతవరకూ హల్వా తింటూ కూర్చున్నాడు. ఆయన పేరు ఆర్గిరిస్. గొడవలంటే గిట్టదు. "పోనీలే అగ్లాయా, భయపడకు," అన్నాడు మెల్లగా. "నీ రంగుకి సరిపోయే మింక్ బొచ్చు ముక్కలు నా పెట్టెలో ఇంకా ఉన్నాయి. అతుకు కనపడకుండా చిన్న టోపీ కుట్టిపెడతాను. గాలికి కూడా ఎగరదు."

"చచ్చిన జంతువుని నా నెత్తిన పెడతావా?"

"పాతికేళ్ళు ఒంటి మీద వేసుకు తిరిగావు, నెత్తికి తేడా ఏముంది?"

అమ్మ రొట్టెముక్క తీసి ఆయన మీదకి విసిరింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. ఆమెకి జుట్టు పోవడం కంటే ఆ నలభై ఒక్క ఏళ్ళు పోవడం ఎక్కువ భయం. అది నాకు తెలుసు. నాకు మాత్రం మా అమ్మే కావాలి, ఏళ్ళ లెక్క కాదు.

కాబట్టి నేను ఒక వెధవ పని చేశాను.

మా వీధి చివర జిమ్‌లో కండలు పెంచే కుర్రాళ్ళు గుడ్డు తెల్లసొన పొడి వాడతారు. రుచీ వాసనా ఉండదు. పెద్ద డబ్బా కొని పార్లర్‌లో హెయిర్‌డైల వెనక దాచాను. ఉపవాసంలో వంట నాదే. అమ్మ పప్పు సూపులో రోజూ రెండు చెంచాలు కలిపాను. ఆమె తింటుంటే ఎదురుగా కూర్చుని ఎంత మింగిందో చూసేదాన్ని.

"ఏంటే అలా చూస్తావు?"

"బాగుందా అని."

"ఎప్పుడూ లేంది ఇదొకటి నేర్చుకున్నావు."

తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు పార్లర్‌లో ఒకామె జుట్టుకి రంగు వేస్తూ ఆలస్యమై, హడావుడిగా పైకెళ్ళి, చల్లారేదాకా ఆగకుండా పొడిని మరిగే సూపులో పోసేశాను. అమ్మ గరిట పెట్టి తిప్పింది. ఆగింది. గరిట పైకెత్తి కిటికీ వెలుగులో చూసింది.

"ఈ తెల్ల పోగులేంటి?"

"వెల్లుల్లి."

"నేను నలభై ఏళ్ళుగా వంట చేస్తున్నాను లెమొన్యా."

ఆమె పొయ్యి ఆపింది. గరిటని కడిగి తుడిచి, దాని చోట తగిలించింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"నా నోరు నాది. అందులో ఏం పెట్టినా నాకు చెప్పి పెట్టాలి. చిన్నప్పుడు నీకు మందు పెట్టినా చెప్పే పెట్టాను, నువ్వు ఏడ్చినా సరే."

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నిజమే. క్షమించమని అడిగాను. "సర్లే," అంది. కానీ ఆ తొమ్మిది రోజులకీ బదులుగా ఇంకో తొమ్మిది రోజులు ఎండు రొట్టె, ఆలివ్‌లు, నీళ్ళు అని కూర్చుంది. నేను చేసిన సాయం అలా తగలడింది.

ఆ తొమ్మిది రోజుల్లో అమ్మ తలకి రుమాలు కట్టడం మొదలుపెట్టింది. ముదురు నీలం రంగుది, నుదుటి దాకా లాగి. మా పల్లెల్లో ముసలమ్మలు తప్ప ఇప్పుడెవరూ కట్టరు. ఉపవాసంలో భక్తి ముదిరిందని అందరూ అనుకున్నారు. తర్వాతి ఆదివారం చర్చిలో ఇంకో ఇద్దరు రుమాళ్ళు కట్టుకొచ్చారు. ఆ పై ఆదివారానికి ఐదుగురయ్యారు. ఒకామె నా పార్లర్‌కి వచ్చి, వంద యూరోలు పోసి రంగు వేయించుకుని, దాని మీద రుమాలు కట్టుకుని వెళ్ళింది. "అగ్లాయా అక్క కట్టుకుంటోందిగా," అంది. నేను మొహం అటు తిప్పి నవ్వు ఆపుకున్నాను.

నాలుగో శుక్రవారం సాయంత్రం మరియమ్మ తల్లి స్తుతుల ప్రార్థన. గంటన్నర నిలబడే ఉండాలి. నేను అమ్మకి రెండు వరసల వెనక ఉన్నాను. సగం అయ్యేసరికి ఆమె వీపు కొంచెం కొంచెంగా కుంగడం చూశాను. నేను చేరేలోపే చేత్తో గోడ తడుముకుంటూ మెల్లగా కిందకి జారి, సరిగ్గా బిషప్పు వస్తే తప్ప ఎవరూ కూర్చోని పెద్ద కుర్చీ మెట్టు మీద కూలబడింది. రుమాలు వెనక్కి జారింది. చెవుల పైన, నడినెత్తిన, తెల్లగా చర్మం కనిపించింది. ముందు వరస ఆడవాళ్ళందరూ చూశారు. అందరికంటే ముందు రుమాలు సరిచేసింది వెనక వరసలోంచి వచ్చిన ఫానీ.

ఫానీ మా అమ్మ కంటే పదేళ్ళు చిన్నది. ఒకప్పుడు అమ్మకి కుడి భుజం. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు పాడెని పూలతో అలంకరించడంలో ఆమె చెయ్యి పడితే చాలు. ఏడేళ్ళ కిందట ఉపవాసంలో ఆమె మాంసం కొట్టు నుంచి కాలేయం పొట్లంతో రావడం అమ్మ చూసింది. గుడ్ ఫ్రైడే పొద్దున్న పూల బల్ల దగ్గర, ఇరవై మంది ముందు, "ఈ పూలు నోరు కట్టుకున్నవాళ్ళ చేతులకే," అంది. ఫానీ చేతిలో కత్తెర కింద పెట్టి వెళ్ళిపోయింది. అప్పటినుంచి చర్చికి వస్తుంది కానీ పూల పనికి రాదు.

మర్నాడు శనివారం. అమ్మ షాంపూకి దిగింది. సింకులో జుట్టు ఎప్పటంతే పడింది. తువ్వాలు చుట్టాక ఆమె లేవలేదు.

"అందరూ చూశారు," అంది.

"చూశారు."

"రొట్టె తింటూ కూడా ఊడుతోంది. ఇంకా ఏం మానేయాలో తెలీటంలేదే నాకు." గొంతు సన్నగా వచ్చింది. మా అమ్మ గొంతు అలా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు.

నా వృత్తిలో ఒకరి తల సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ఏడేళ్ళు చెప్పలేదు. కొంత వృత్తి కోసం, కొంత అమ్మంటే భయంతో.

"ఫానీకి కూడా ఊడింది," అన్నాను. "నువ్వు పూల బల్ల దగ్గర్నుంచి పంపేసిన ఏడాదే. ఇదే కుర్చీలో. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. రోజూ కాలేయం తినకపోతే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సొస్తుందన్నారు. తింది. ఏడాదిలో మళ్ళీ వచ్చింది."

అమ్మ ఒళ్ళో తడి తువ్వాలు మడతపెడుతోంది. మడతపెట్టింది విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పాలి? నీకా?"

పైకి వెళ్తూ మెట్టు మీద ఆగి, "ఫాదర్ ఇవాళ ఉంటారా చర్చిలో?" అంది.

ఫాదర్ స్తేర్యోస్ నాకు బాగా తెలుసు. ఆయన ముడి విప్పితే జుట్టు నడుము దాకా ఉంటుంది. రెండు నెలలకోసారి పార్లర్ వెనక గుమ్మంలోంచి వచ్చి చివర్లు కత్తిరించుకుని వెళ్తాడు. ఆయనది పెద్ద పొట్ట, అందరికీ వినపడే నవ్వు. అమ్మ పాపాల ఒప్పుకోలుకని వెళ్ళి అరగంటలో తిరిగొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమన్నారు?" అన్నాడు నాన్న.

"నా మొహం అన్నారు! నలభై ఒక్క ఏళ్ళుగా పాపం చెయ్యడానికి తీరిక లేనిదాన్ని. కావాలంటే వంద సాష్టాంగాలు చెయ్యమనండి, ఉత్త కాళ్ళతో రాళ్ళ మీద నడవమనండి, అన్నాను. నాకు వేసిన శిక్ష ఏంటో తెలుసా? రోజుకి రెండు గుడ్లు!"

నాన్న దగ్గు వచ్చినట్టు నటించి కిటికీ వైపు తిరిగాడు.

"నవ్వకు! రెండు గుడ్లు, పెద్ద కప్పు పెరుగు, మధ్యాహ్నం కోడి. ఆసుపత్రిలో ఆ దనాయి రాసిచ్చిన కాగితం నా సంచిలోంచి తీయించి చూసి, దాన్ని నా ప్రార్థన పుస్తకంలో పెట్టి ఇచ్చారు. ఈస్టర్ దాకా రోజూ ముందు ఇది, తర్వాత ప్రార్థన అని. ఒంట్లో బాగాలేనివాళ్ళకి ఉపవాసం లేదట. నాకు తెలీదా ఆ సంగతి? ఇతరులకి నేనే చెప్తాను!"

"ఎవరికి చెప్పావు?" అన్నాను.

అమ్మ నా వంక చూసి చూపు తిప్పుకుంది.

"గుడ్ ఫ్రైడే ఒక్కరోజు వదిలేయండి అని బతిమాలాను. శుక్రవారం కూడా తినాలి, అన్నారు."

అలా మొదలైంది మా ఇంట్లో దొంగ భోజనం. శిక్ష అంటే శిక్షే, అమ్మ తప్పించుకునే మనిషి కాదు. కానీ ఊరికి తెలియకూడదు. గుడ్లు మా వీధి కొట్లో కొంటే కొట్టువాడి పెళ్ళాం చూస్తుంది కాబట్టి నాన్న కారేసుకుని పక్క ఊరికి వెళ్ళి తెచ్చేవాడు. తినేటప్పుడు తెరలు వేయాలి. కోడి ఉడికేటప్పుడు వాసన తెలియకుండా నేను వెల్లుల్లీ వెనిగరూ ఇంకో పొయ్యి మీద మరిగించాలి. గుడ్డు పెంకులు పేపరులో చుట్టి నాన్న చెరువు అవతలి చెత్తకుండీలో వేసొచ్చేవాడు. "బొచ్చు వ్యాపారంలో కూడా ఇంత దొంగ సరుకు మొయ్యలేదు," అనేవాడు. రోజూ నడక వల్ల ఆయనే రెండు కిలోలు తగ్గాడు.

అమ్మ మొదటి గుడ్డు తిన్నప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. ముక్క ముక్కకీ ముప్పై సార్లు నమలాలి, అది దనాయి ఆజ్ఞ. పదో సారికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెయ్యి పట్టుకుంటే, "వదులు, లెక్క తప్పుతోంది," అంది.

మూడు వారాలు గడిచాయి. నీరసం తగ్గింది, మెట్ల మీద మళ్ళీ నాన్నని వెక్కిరించడం మొదలైంది. జుట్టు మాత్రం ఇంకా రాలుతూనే ఉంది. గుప్పెడు కాస్తా చిటికెడుకి దిగింది, అంతే. దనాయికి ఫోను చేస్తే, "జుట్టు తొందరపడదు. శరత్కాలానికి కనపడుతుంది. తినిపిస్తూ ఉండండి," అంది. అమ్మ శనివారం సింకులోకి వంగి చూసి, "సరే, ఊడనీ," అని తనే రంధ్రం మీదవి ఏరి పారేసింది.

గుడ్ ఫ్రైడే ముందు రోజు గురువారం ఈస్టర్ గుడ్లకి ఎర్ర రంగు వేస్తున్నాం. అమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"రేపు పూల పని ఏడింటికి మొదలు," అంది. "ఫానీని కూడా పిలువు."

"నేనా? నువ్వే పిలువు."

"నేను పిలిస్తే రాదు. నువ్వు పిలువు. నేను పిలవమన్నానని చెప్పు."

ఫానీకి ఫోను చేశాను. "ఆవిడకి జ్వరమేమన్నా వచ్చిందా?" అంది. "వస్తాను. కత్తెర నాదే తెచ్చుకుంటాను."

శుక్రవారం పొద్దున్న చర్చి పక్క హాల్లో పద్దెనిమిది మందిమి. బల్ల నిండా తెల్ల గులాబీలు, వయొలెట్లు, నిమ్మ పూలు. పాడె చెక్క మీద నగిషీ కనపడకుండా పూలు గుచ్చాలి. ఫానీ వచ్చి బల్ల చివర నిలబడింది. ఎవరూ ఆమె వంక సూటిగా చూడలేదు. అమ్మ ఒక బుట్ట గులాబీలు ఆమె వైపు జరిపింది, అంతే. రుమాళ్ళు కట్టుకున్నవాళ్ళు ఏడుగురున్నారు, మా అమ్మతో కలిపి. ఆరోజు మా ఊళ్ళో నూనె చుక్క కూడా ఎవరూ ముట్టరు. ఒట్టి మంచినీళ్ళతో మధ్యాహ్నం దాకా పని చేస్తారు.

పదయ్యేసరికి అమ్మకి తినే వేళయింది. నేను పక్కకి వెళ్ళి చెవిలో, "ఇంటికి పోయి రా. తలనొప్పి అని చెప్తాను," అన్నాను.

"నాకు తలనొప్పి లేదు."

ఆమె చేతులు తుడుచుకుంది. సంచిలోంచి తువ్వాలు గుడ్డ తీసి బల్ల మీద గులాబీల మధ్య పరిచింది. అందులోంచి రెండు గుడ్లు తీసింది. రంగు వేయకుండా పక్కన పెట్టినవి, తెల్లవి. ఒకదాన్ని బల్ల అంచుకి కొట్టింది. ఆ చిన్న చప్పుడికే హాలంతా కత్తెరలు ఆగిపోయాయి.

అమ్మ తాపీగా పెంకు వలుస్తోంది. వేళ్ళు మాత్రం కొంచెం వణుకుతున్నాయి.

"ఆపరేషన్ అయినప్పటినుంచి నా జుట్టు ఊడిపోతోంది," అంది అందరికీ వినపడేలా. "తినక ఇంకా ఊడగొట్టుకున్నాను. మూడు వారాలుగా ఇంట్లో తెరలేసుకుని గుడ్లు, కోడి తింటున్నాను. ఇంక దాక్కోలేను." రుమాలు ముడి విప్పి గుడ్డ పక్కన పెట్టింది. పలచబడ్డ తల అలాగే అందరికీ కనిపించింది. "మీరెవరూ నా కోసం కట్టుకోనక్కర్లేదు. ఉక్కపోస్తుంది."

ఇద్దరు ముగ్గురు తలల మీద చేతులు పెట్టుకున్నారు. ఎవరూ విప్పలేదు.

అమ్మ బల్ల చివరికి తిరిగింది. "ఫానీ. నిన్ను ఈ బల్ల దగ్గర్నుంచే లేపాను కదా. అడగకుండానే."

"లేపావు," అంది ఫానీ.

"అడగాల్సింది. తప్పు చేశాను."

ఫానీ చేతిలో గులాబీ కాడని ఇంకాస్త పొట్టిగా కత్తిరించింది. ఇంకా కత్తిరించింది. ఇంక కాడే లేకుండా పోయింది. అమ్మ గుడ్డు కొరికి నమలడం మొదలుపెట్టింది. పద్దెనిమిది మంది చూస్తుండగా ముప్పై సార్లు నమలడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఆరోజే తెలిసింది.

మింగాక మొహం చిట్లించింది. "ఉప్పు తేవడం మర్చిపోయాను. చప్పగా చచ్చింది."

ఫానీ కత్తెర కింద పెట్టింది. వెళ్ళిపోతోందనుకున్నాను. ఆమె లోపల వంటగదిలోకి వెళ్ళి, అలమర తలుపు చప్పుడు చేసి, ఉప్పు డబ్బాతో వచ్చింది. అమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, డబ్బా ముందు పెట్టింది.

"రోజుకి ఎన్ని?"

"రెండు. ఫాదర్ స్తేర్యోస్ వేసిన శిక్ష."

"గుడ్లేనా?" అంది ఫానీ. "నీ మీద దయ చూపించాడు. నాకు అరకిలో కాలేయం వేశాడు. ఈస్టర్ దాకా రోజూ. దాని వాసనకే నాకు వాంతి వచ్చేది."

అమ్మ నమలడం ఆపేసింది. "నీకూ ఆయనేనా? మరి నాతో చెప్పొచ్చు కదే!"

"నువ్వు అడగలేదుగా అక్కా."

ముందు ఎవరు నవ్వారో తెలీదు. నవ్వింది నేనే అని నాన్న అంటాడు, ఆయన అక్కడ లేకపోయినా. అమ్మ నవ్వలేదు. ఆమెకి కళ్ళ నిండా నీళ్ళు. రెండో గుడ్డు తీసి ఫానీ ముందుకి జరిపి, "చేతులు వణుకుతున్నాయి, వలిచి పెట్టు," అంది. ఫానీ గులాబీల పసరు అంటిన వేళ్ళు పావడాకి తుడుచుకుని, పెంకు ముక్క ఒక్కటి కూడా మిగలకుండా వలిచి, ఉప్పు చల్లి చేతికిచ్చింది.